ఊపిరి బిగబట్టమంటే

తూత్తుకుడిలో గుండె స్కానింగ్ గది. శంఖాల కోసం సముద్రంలో మునిగే అతను బల్ల మీద పడుకున్నాడు. స్కానింగ్ చేసే అమ్మాయి మూడోసారి మిషన్ ఆపి లోపలికొచ్చింది.

“ఏంటన్నా, నీళ్లలో నిమిషాలకు నిమిషాలు ఉంటారు, ఇక్కడ పది సెకన్లు ఊపిరి బిగబట్టలేరా?”

“బిగబడితే సూసై చెయ్యి తగులుతోందమ్మా. నా తమ్ముడు. సముద్రం అడుగున వాడి కాలు వలలో చిక్కుకుంది. నాకు ఊపిరి చాలక, వాడు పట్టుకున్న చెయ్యి విడిపించుకుని పైకొచ్చేశా.”

“...అయితే బిగబట్టొద్దు. మామూలుగా పీల్చండి. మీ ఊపిరినీ గుండె చప్పుడునీ మిషనే కనిపెట్టుకుంటూ బొమ్మలు తీస్తుంది. కాకపోతే గంట పడుతుంది.”

“పట్టనీ.”

“ఏడవకూడదు మరి. రొమ్ము అదిరితే బొమ్మ చెదిరిపోతుంది.”

“ఏడవనులే. ‘నేను చేరేసరికే పోయాడు’ అని వాడి పెళ్లానికి చెప్పినప్పుడే ఏడవలేదు.”