సేపలకి సలేస్తే

ఇప్పుడొచ్చినారేటి బాబూ! సేపలు సచ్చి తొమ్మిది రోజులైపోనాక! కరెంటాపీసోల్లంటే అంతేలెండి. మేం కాయితం రాస్తే నత్త నడకా, బిల్లు కాయితానికైతే మాత్రం రెక్కలొస్తాయి మీకు.

కూకోండి, ఆ స్టూలు మీద కూకోండి. కాలు ఊగుతాది గాని పడదు. నా పేరు కూర్మమ్మ. మీకు కాయితం రాసింది నాను కాదు, మా ఆయన ధర్మారావు. మందులు తెస్తానని పాతపట్నం ఎల్లేడు. ఎవులికనుకున్నారు మందులు? సేపలకి! నా మోకాలికి మందు తెమ్మని దీపావలి కాడ్నించి సెప్తన్నాను, అది మాత్రం గుర్తుండదు.

ఇదే ఆయన గ్రీనౌసు. అంత పెద్ద పేరెందుకో మరి. నా వంగమొక్కలు పీకీసి, వెదురు కర్రలు పాతి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, లోపల మూడు సిమెంటు తొట్లు కట్టించినాడు. పోన్లే, పులుసుకి సేపలొస్తాయి కదాని ఊరుకున్నాను. కావంట! అద్దాల పెట్టిల్లో పెట్టి సూసుకుందికంట. పులుసుకి పనికిరాని సేప కూడా ఒక సేపేనేటి బాబూ?

మీది విశాపట్నమనుకుంటాను, అవునా? అయితే ఇక్కడి సలి మీకు తెల్దు. డిసెంబరొచ్చిందంటే ఒరిస్సా కొండల మీద్నించి దిగుతాది. పొద్దున్న ఎనిమిదైనా మొకం కడుక్కోబుద్ది కాదు. ఆ సేపలకేమో ఇరవయ్యారు డిగ్రీలకి తగ్గకూడదంట. అందుకని తొట్టికో హీటరు, తొట్టికో సలి కొలిసే గొట్టం. మూడు హీటర్లకీ కలిపి ఒకటే ప్లగ్గు.

పెల్లయ్యి ముప్పై ఏల్లు. ఏనాడూ నా నుదుటి మీద సెయ్యేసి, జొరమొచ్చిందేటే అని అడిగినోడు కాదు. ఆ తొట్లోన మాత్రం పూటకి నాలుగుసార్లు సెయ్యెట్టి సూసీవోడు. “కూర్మీ, అమ్మడు ఇయాల డల్లుగా ఉన్నాదే” అనీవోడు. అమ్మడంటే ఎవులో కాదు, ఎర్రమచ్చల తల్లిసేప!

ఇంకా ఇనండి. మాయమ్మ పాత సీరలన్నీ కలిపి కుట్టిన బొంత తీసికెల్లి తొట్టి మీద కప్పీసినాడు. “సేపలు ఈదుతాయా, తొంగుంటాయా మావా?” అనడిగేను. “నీకు సలేస్తే రెండు జాకెట్లు తొడుక్కుంటావు. అవేటి తొడుక్కుంటాయి?” అన్నాడు.

పెరట్లోకి ఒక్కటే లైను. సేపల హీటర్లూ, నా నీల్లు కాసే రాడ్డూ ఒక్కసారి పెడితే ఫీజెగిరిపోతాది. అందుకని నా రాడ్డు అటకెక్కించీసినాడు. ఇంక నాను పుల్లలేరుకుని, పొగలో ఊదుకుని, బిందెడు నీల్లు కాసుకోవాల. ఆ మోకాలితోటి. రెండు నెల్లు!

ఏటీ? రిజిస్టరా? ఆ రోజు కరెంటు పోయింది పది నిమిషాలేనని రాసున్నాదా? రాత్రంతా నేదని మా ఆయన రాసినాడు కదా. పది నిమిషాలకి తొట్టి నీల్లు సల్లబడవంటారా... సల్లబడవేమో. మీరు ఇంజినీరు, మీకు తెల్దేటి.

ఆగండాగండి! మద్దిలో నూకయ్య పేరెందుకొచ్చింది? రిజిస్టర్లో దొంగరాత రాసినాడని సస్పెండు సేస్తారా? లైన్‌మేన్ నూకయ్యనా?

అన్నేయం బాబూ! తుఫానుకి స్తంబాలన్నీ ఒరిగిపోనప్పుడు ఆరు రోజులు ఇల్లు సూడకుండా బురదలో తిరిగినోడండి. మా గుమ్మంలో నిలబడే గంజి తాగి, మల్లీ స్తంబమెక్కినాడు. ఆడికి దొంగరాతేటి?

పెన్ను మూసీండి. ఒక్క నిమిషం మూసీండి బాబూ.

ఆ రోజు మా ఆయన పర్లాకిమిడి పెల్లికెల్లినాడు. “నానొచ్చీవరకూ ప్లగ్గు ముట్టుకోకు” అని మూడుసార్లు సెప్పినాడు. నువ్వు జాగర్తే అని ఒక్కసారి అన్నేదు. సాయంత్రం ఐదయ్యింది. మోకాలు పట్టీసింది. పుల్లలన్నీ మంచుకి తడిసిపోనాయి. అటకెక్కి రాడ్డు దించేను. సేపల ప్లగ్గు పీకీసి, నా రాడ్డు పెట్టేను.

అబ్బ, ఆ స్నానం బాబూ! వీపు సుర్రుమనీలాగ రెండు బకెట్లు పోసుకున్నాను. ఎవులూ నేరు కదాని పాట కూడా పాడుకున్నాను. మీ కరెంటు అప్పుడే పోయింది, పది నిమిషాలకే వచ్చీసింది. మీ రిజిస్టరు నిజమే.

మర్సిపోయేనని సెప్పుకోవచ్చు. మర్సిపోలేదు. తల తుడుసుకుంటూ సూసేను, ఆ ప్లగ్గు కింద పడున్నాది. ఒక్క రాత్రి అవి కూడా వణకనీ, అనుకున్నాను. ఎల్లి తొంగున్నాను.

సచ్చిపోతాయనుకోలేదు బాబూ. వణుకుతాయనుకున్నాను, అంతే.

తెల్లారి సూద్దును కదా, అన్నీ అడుగున పక్కకి వాలిపోయున్నాయి. అన్నం గిన్నీ, పాల గిన్నీ, కుక్కరూ, ఏది దొరికితే దాంట్లోన గోరెచ్చటి నీల్లు పోసి పొయ్యి సుట్టూ పెట్టేను. కొనూపిరున్నవాటిని సేత్తోనే ఎత్తి ఏసేను. “బతకండే, బతకండే ముండల్లారా” అని తిడతానే ఉన్నాను. పద్నాలుగు బతికేయి. అమ్మడు బతకలేదు.

ఇంకొకటి కూడా సెప్పాల కదా. ఆయనొచ్చీలోపల ప్లగ్గు మల్లీ పెట్టీసినాను.

వచ్చి, ఆ తల్లిసేపని అరసేతిలో పెట్టుకుని ఏడ్సినాడు బాబూ. మా అత్త పోయినప్పుడు కూడా ఏడవనోడు! నాకు నవ్వొస్తాదనుకున్నాను. రాలేదు. “కరెంటు పోయిందేటి?” అనడిగినాడు. “పోయింది” అన్నాను. అబద్దం కాదు కదా! రాత్రంతా పోయిందని ఆయనే అనుకున్నాడు. నాను దిద్దలేదు. ఆయన మీకు కాయితం రాసీసినాడు.

అక్కడితో అయిపోతే బాగున్ను. “మా కూర్మి నేకపోతే ఆ పద్నాలుగూ దక్కీవి కావు” అని ఊరంతా సెప్పుకు తిరుగుతన్నాడు. రోజూ పొద్దున్నే లేసి, పుల్లలేరి, నాకు నీల్లు కాసి పెడతన్నాడు. ముప్పై ఏల్లకి! ఆ నీల్లు ఒంటి మీద పడితే సలి పోవడం మాటటుంచండి, లోపల ఉడికిపోతన్నాను.

రాసుకోండి. ప్లగ్గు పీకింది కూర్మమ్మ. నూకయ్య తప్పు నేదు, మీ ఆపీసు తప్పు కూడా నేదు. సంతకం ఎక్కడ? ఏలుముద్రెందుకు, ఐదు దాకా సదివేను. ఇదిగో.

అదిగో, ఆయన బండి సప్పుడు. ఉండండి, మీరు సెప్పకండి. నానే సెప్తాను. తిడితే తిడతాడు. రేపట్నించి పుల్లలు మల్లీ నానే ఏరుకోవాల, అంతే కదా. ఏరుకుంటాను.

మీరింక ఎల్లండి బాబూ. మొగుడూ పెల్లాల మద్దిని కరెంటోల్లకేటి పని?