పన్ను సంగతి

ఆమెది ఆసుపత్రిలో పగటి డ్యూటీ. అతను రాత్రంతా బస్సులు బాగుచేసి, ఆమె బయల్దేరాక ఇల్లు చేరి, ఆమె తిరిగొచ్చేలోగా మళ్ళీ వెళ్ళిపోతాడు. వారానికి ఒక్క మధ్యాహ్నమే ఇద్దరూ కలిసి అన్నం తింటారు. ఆ పూట ఆమె అతని కంచంలో కూర మెత్తగా మెదిపి పెట్టింది.

"ఇదేంటి, పసిపిల్లాడికి పెట్టినట్టు?"

"మంగళవారం పన్ను పీకించుకున్నారుగా."

"నీకెవరు చెప్పారు?"

"అత్తయ్య. వాపు తగ్గిందా అని నన్నడిగారు. తగ్గిందత్తయ్యా అనేశాను. ఏ వైపు పన్నో కూడా నాకు తెలీదు."

"నేనొచ్చేసరికి నువ్వు వెళ్ళిపోయావు. అమ్మకి రోజూ ఆ టైముకే ఫోన్ చేస్తాను కదా, చెప్పేశాను."

"అంతేలెండి."

"నిన్ను పిల్లల వార్డుకి మార్చారని మీ నాన్నగారు చెబితేగానీ నాకు తెలిసిందా? నేనూ ముందే తెలిసినట్టు ఊఁ కొట్టాను."

ఆమె మజ్జిగ గ్లాసు అతని వైపు జరిపింది.

"ఇంతకీ ఏ వైపు?"

"ఎడమవైపు."

ఇంతలో ఫోన్ మోగింది, అతని అమ్మ వీడియో కాల్. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని తెరలోకి నవ్వారు.

"ఇద్దరూ ఒక్కచోట కనిపించారు, నా కడుపు నిండిపోయింది. ఏం మాట్లాడుకుంటున్నారర్రా?"

"మీ గురించే అత్తయ్యా."

పావుగంట ఇల్లంతా మాటలతో నిండిపోయింది. ఫోన్ పెట్టేశాక కంచాల చప్పుడే మిగిలింది. అతను రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"పోనీ, మీ నాన్నగారికి కూడా చేద్దామా?"

ఆమె అప్పటికే నంబరు నొక్కుతోంది.