వెనక సీటు

ఆపదను ఎదుర్కోవడం ధైర్యమైతే, దాన్ని వెతుక్కుంటూ వెళ్లడాన్ని ఏమనాలి? ఉప్పళంలో ఒక జవుళి అంగడి చూరు కింద, వాన తగ్గేదాకా నిలబడి నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. పక్కనే, సంచులు కట్టిన బుల్లెట్ దగ్గర అంగడి యజమాని, ఆయన భార్య మాట్లాడుకుంటున్నారు.

“ఏందండీ, ఈ తుఫాన్లో అంత దూరం, యానాం దాకా బండి మీదనా?”

“వానలో దూరం పోయినోడే అసలు రైడర్.”

“చినుకు పడితే గొడుగు తెమ్మని అంగడి నుంచి ఫోన్ చేసే మనిషి యాడికి పోయినాడు?”

“నీకు అర్థం కాదులే. దూరం పోతేనే మనిషికి తానెవరో తెలిసేది.”

“అందుకు అంత దూరమెందుకు? నన్నడిగితే ఈడనే చెప్తాను గదా! వైతికుప్పం జాలర్లు పడవలన్నీ ఒడ్డుకు లాగేసినారు. సముద్రం తెలిసినోళ్లు ఇంట్లో కూర్చుంటే, చీరలమ్మేవాళ్లు బయల్దేరతారా?”

“బండి నా చేతిలో ఉంటుంది. ఏమీ కాదు.”

“సరే, అయితే నేనూ వస్తా. వెనక కూర్చుంటా.”

“పిచ్చా నీకు? రోడ్డంతా నీళ్లు, గాలికి చెట్లు కూలుతున్నాయి. జారితే ఏమవుతుందో తెలుసా?”

“నాకు తెలీదు. మీకింత బాగా తెలుసని మాత్రం ఇప్పుడే తెలిసింది.”



“మా బైకుల క్లబ్బోళ్లకు ఏం చెప్పేది? నువ్వు పోనియ్యలేదని చెప్తా.”

“చెప్పుకోండి. ఇంట్లో కూర్చునే మోస్తాను ఆ నింద.”

ఆయన బండి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు.

“నేను రావడంలేదురా. ఎవరూ ఆపలేదు. భయమేసింది, అంతే.”

ఫోన్ జేబులో పెట్టి, సంచుల తాళ్లు విప్పసాగాడు.