వేలికంటిన రంగు

కోళ్ల గూట్లో బావాబావమరుదులు రెండు పీటల మీద ఇరుక్కుని కూర్చున్నారు. బయట పెంపకందార్ల సంఘం వాళ్లు తీర్పు కోసం ఎదురుచూస్తున్నారు.

"లోపల గడియ ఎందుకు పెట్టావురా?"

"నీ కోడి నా కళ్లముందు గుడ్డు పెట్టేదాకా ఎవరూ కదలకూడదు బావా. సంఘం కార్యదర్శిగా చెప్తున్నా."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే."

"ఈకలు కాదు, రంగు. పోటీకి తెచ్చిన నీ చాక్లెట్ రంగు గుడ్డుని తడిగుడ్డతో తుడిస్తే రంగు ఊడొచ్చింది. నీ వేళ్లకీ అదే మరక. పూశావని తేలితే సంఘంలోంచి నువ్వూ అవుట్, నీ కోళ్ల జాతీ అవుట్."

"పూయలేదురా. ఈ జాతి గుడ్డుకి రంగు పైపైనే ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే అంటుకుంటుంది. ఈ రాగిరంగు మెడ, ఈ గుడ్డు రావడానికి పన్నెండేళ్లు ఏరి ఏరి జతకట్టించాను."

"ఎవరైనా అదే చెప్తారు."

"మీ అక్కని అడుగు."

"అక్క ఎప్పుడూ నీ వైపే. అదిగో, కోడి లేచింది! నేనే తీస్తా."

"మెల్లగా. ఇంకా తడారలేదు."

"అబ్బ, ఎంత ముదురు రంగు! నువ్వన్నది నిజమే బావా. పద, అందరికీ చెప్తా."

"ముందు నీ బొటనవేలు చూసుకో."

"అయ్యో! సబ్బుతో పోతుందా?"

"నాకు మూడు రోజులు పట్టింది."

"రంగు డబ్బా ఎక్కడ దాచారని ఇద్దర్నీ అడుగుతారు. పైగా నువ్వు నా బావవి."

"ఎవరో తలుపు కొడుతున్నారురా."

"గడియ తియ్యకు బావా!"