సమ్మయ్య ఐతారం

గీ ముచ్చట నాకు మొదలు చెప్పింది దేవేందర్ తల్లి బుచ్చవ్వ. నమ్మకపోతె సిరిసిల్లకు పోయి అడుగు వర్షా, ముసల్ది ఇంక గట్టిగనే ఉన్నది. నువ్వు మొన్న చర్చి పుస్తకం చదివి ఇనిపిస్తివి గదా, సమ్మయ్య ఐతారం పని ముట్టకుంట విశ్వాసం నిలబెట్టుకున్నడని, సంఘమంత ఆయన ఎన్క నిలబడ్డదని. నాకు చదువు రాకపాయె, చెవులైతె పనిజేస్తయి.

బతుకమ్మ చీరల ఆర్డరచ్చిన ఏడు అది. ఐతారం సెలవు లేదన్నడు కార్ఖాన ఆసామి. మన చర్చి అయ్యగారు తెలివిగలాయన, ఆరాధనను ఫోన్లకు ఎక్కించిండు. ఇగ చూడు, కార్ఖానల అందరి చెవులల్ల వైర్లు. సాంచాల, గదే మరమగ్గాల సప్పుడుల పక్కోని కేకే ఇనవడది, వాక్యమేం ఇనవడుతది? "లోకం సంఘంలకు జొర్రవట్టింది, జాగర్త" అని ఆయన చెప్పుడు, ఆమెన్ అనుకుంట మనోళ్లు తెగిన పోగు ముడేసుడు.

సమ్మయ్య ఒప్పలే. మెడదాక గుండీలు పెట్టుకొని చర్చికే పోతనన్నడు. రాకుంటె సోమారం గూడ రాకన్నడు ఆసామి. ఇంట్ల పెండ్లాం లచ్చవ్వ మంచానవడి ఉండె. పని పోతె పొయ్యి ఆరిపోతది, చర్చి ఇడిస్తె పానం పోతది. గప్పుడు పక్క సాంచాల దేవేందర్, కొండగట్టు అంజన్న భక్తుడు, "నీ ఐతారం నేను సూస్త, నా మంగళారం నువ్వు సూడు సమ్మన్నా" అన్నడట. సమ్మయ్య సాంచాల మీద దేవేందర్‌ను ఆసామే పెట్టిండనుకున్న నేను. "మీ ఏసు భక్తుని పని నా కొడుకు మెడకు కట్టిన్రు" అని బుచ్చవ్వ నా మీదికి లేస్తెనే అసలు సంగతి తెల్సింది.

అయ్యగారికి తెల్వంగనే, విగ్రహాల కాడికి పోయెటోనికి సాయం జేస్తవా, గీ బదులు పని బంద్ వెట్టేదాక ప్రభువు బల్ల రొట్టె ముట్టకన్నడు. ఫోన్ల ఆరాధన చేసెటోళ్లకు మాత్రం రొట్టె ఇండ్లకే పంపిండు. సమ్మయ్య ఒక్కటే మాట అన్నడు: "అయ్యగారు, గీ బెంచి మీద నన్ను కూసోవెట్టింది దేవేందరే." రెండేండ్లు ఆఖరి బెంచిల కూసున్నడు. రొట్టె గిన్నె ముంగట నుంచే పోయేది. తల వంచుకునెటోడు, లేసి మాత్రం పోలే.

సమ్మయ్య సచ్చింది శనారం. శవం పెట్టె లేపేది ఐతారం. మొగోళ్లందరు పని మీద. అయ్యగారు సమాధి ఆరాధన గూడ ఫోన్లనే పెట్టిండు. పెట్టె మొయ్య ముగ్గురే. దేవేందర్ గప్పుడు అంజన్న మాల దీక్షల ఉండె, మాలేసుకున్నోడు సావుకాడికి పోవద్దు. ముగ్గురే ఉన్నరన్న కబురినంగనే తనయి, సమ్మయ్యయి కల్పి నాలుగు సాంచాలు ఆపిండు. మాల తీసి, కండ్లకద్దుకొని, నూలు కండెల డబ్బ మీద పెట్టిండు. ఆసామి ఏందిరా అంటె, "మాల మల్ల ఏసుకుంట. సమ్మన్న మల్ల అస్తడా?" అన్నడు.

నాకెట్ల ఎరుకంటె... దేవేందర్ పక్క సాంచాలు నాయే, ఆయనయి ఆగంగనే మాట ఇనవడ్డది. నా చెవుల వైరుండె. తీయలే.

సమ్మయ్య సాంచాలు ఐతారం నాడు ఆగింది గా ఒక్కసారే బిడ్డా. ఎన్క నిలబడ్డ సంఘమని రాసిన్రు గదా, గది కొట్టేసి దేవేందర్ పేరు రాయాలె. నాకు రాయరాదు, నువ్వే రాయి.