కారణం గడిలో నిజం రాసినావిడ

ఎల్. నూకరాజు, బి.కాం., టైమ్ ఆఫీసు

1962 ఆగస్టు 6, సోమవారం నాడు శ్రీమతి కోరాడ తాయారమ్మ గారు మన ఫౌండ్రీ టైమ్ ఆఫీసులో జూనియర్ గుమాస్తాగా చేరారు. ఆనాడు ఆవిడ చేయవలసిన పనుల జాబితా నియామకపు ఉత్తర్వు వెనుకనే టైపు చేసి ఉంది. ఎస్.ఎస్.ఎల్.సి. సర్టిఫికెట్టు అసలు ప్రతి చూపవలెను. రెండు ఫోటోలు ఇవ్వవలెను. డాక్టరు పరీక్ష చేయించుకొనవలెను. ఎనిమిది గంటల కూతకు ముందే గేటు దాటవలెను. హాజరు పట్టీలో కొట్టివేతలు ఉండరాదు. టైపు చేయని జాబితా ఇంకొకటి ఉండేది. దాన్ని ఇసుక షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు ఆ మధ్యాహ్నమే నోటితో అప్పజెప్పారు. ఇంట్లోంచి బయలుదేరే ముందే అన్నీ కానిచ్చుకుని రావాలి. ఏడు దాటాక మంచినీళ్లు ముట్టకూడదు. ఎండాకాలంలో నాలుక తడుపుకోవచ్చు, మింగకూడదు. మరీ ఆగలేకపోతే బయటికి పోయే పాసు రాయించుకుని, వెనుక గోడ దాటి, రైలు పట్టాల అవతల తుప్పల్లోకి ఇద్దరిద్దరుగా వెళ్లాలి.

ఎందుకంటే నాలుగు వందల మంది మగవారికి ఆరు మరుగుదొడ్లున్న మన కార్ఖానాలో, పన్నెండుగురు ఆడవారికి ఒక్కటీ లేదు. తాయారమ్మ గారు చేరడంతో ఆ సంఖ్య పదమూడు అయింది. అభినందన వ్యాసంలో ఈ సంగతి ఏమిటని కొందరు మిత్రులు నన్ను ఇప్పటికే మందలించారు. ఆవిడ ముప్పయ్యారేళ్ల ఉద్యోగాన్ని ఈ సంగతి లేకుండా రాయడం నాకు చేతకాదు. మన కార్ఖానా పత్రికలో హిందీ వ్యాసాల నడుమ తెలుగుకు కేటాయించిన ఈ రెండు పేజీల్లో నేను దాన్నే రాయదలచాను.

బొబ్బిలి నుంచి వచ్చి రాయపూర్ రైల్వే కాలనీలో స్థిరపడిన కుటుంబంలో పుట్టి, హిందీలోనూ తెలుగులోనూ ముత్యాల్లాంటి దస్తూరి సంపాదించిన తాయారమ్మ గారికి, అప్పటి హెడ్ టైమ్ కీపరు కీ.శే. మల్లేశ్వరరావు గారు బయటికి పోయే పాసులు రాసే పని అప్పగించారు. పాసు మీద పేరు, టోకెను నంబరు, వేళ, కారణం అని నాలుగు గడులు. ఆడవారి పాసుల్లో కారణం దగ్గర "సొంత పని" అని రాయడం వాడుక. నెలలో మూడు సొంత పనులు దాటితే ఒక పూట గైర్హాజరు. తాయారమ్మ గారు రెండో నాటి నుంచే ఆ గడిలో, "కార్ఖానాలో ఆడవారికి మరుగుదొడ్డి లేనందున" అని గుండ్రటి హిందీ అక్షరాలతో రాయడం మొదలుపెట్టారు. ఆ నెలలో అలాంటివి తొంభై ఆరు పాసులు మేనేజరు గారి బల్ల మీదికి వెళ్లాయి.

ఇసుక జల్లించే పైడమ్మకు ఇది వింటే నవ్వాగలేదట.

"ఏటమ్మా, కాగితం మీద అంత పచ్చిగా రాసీసినావు. అది చదివితే ఆ బాబుకి అన్నం దిగుతాదా?"

"మనకి నీళ్లు దిగడం లేదే పైడమ్మా. ఆయనకి ఒక పూట అన్నం దిగకపోతే ఏమైంది?"

మెమో వచ్చింది. అసభ్యమైన భాష వాడినందుకు నలభై ఎనిమిది గంటల్లో సంజాయిషీ ఇమ్మన్నారు. ఆవిడ ఇచ్చిన సంజాయిషీ నకలు ఫైలులో నేను స్వయంగా చూశాను. "రాసిన కారణం అబద్ధమని చూపిస్తే దిద్దుకోగలను. ఆడవారి మరుగుదొడ్డి ఉన్నదని చూపించేందుకు తమరు ఏ రోజు వచ్చినా ఆ గదికి నేను తోడు వస్తాను." అంతే, రెండు వాక్యాలు. ఆ తరువాత ఎనిమిదేళ్లలో మరి నాలుగు మెమోలు వచ్చాయి, ఒకసారి ఆరు నెలలు తుక్కు ఇనుము తూకం దగ్గరికి మార్చారు. పాసుల పనికి తిరిగి వచ్చిన రోజున మొదటి పాసు మీద అదే కారణం, అదే దస్తూరి.

ఇంత ధైర్యం ఎక్కడిదని అడిగితే బల్ల సొరుగు లాగి, కుంకుమ బొట్టు పెట్టిన పైడితల్లి అమ్మవారి పటం చూపించేవారు. ఉదయం దానికి దండం పెట్టుకోనిదే కలం పట్టరు. "మొక్కుకుంటే అమ్మవారు చూసుకుంటుంది కదా, ఈ గొడవలెందుకు?" అని మల్లేశ్వరరావు గారు ఒకసారి విసుక్కుంటే, "అమ్మవారి పని అమ్మవారు చేస్తుందండీ. గుమాస్తా పని కూడా ఆవిడ చేత చేయిస్తే బాగుంటుందా?" అన్నారట.

నవ్వుతో దాటలేనిది 1970 చివరలో జరిగింది. పైడమ్మకు నడుములో నొప్పి, జ్వరం. ముఖం, కాళ్లు వాచాయి. ఏళ్ల తరబడి దాహం చంపుకుని, ఆపుకుంటూ పనిచేయడం వల్ల జబ్బు ముదిరి మూత్రపిండాలు చెడిపోయాయని డాక్టరు చెప్పారు. రోజూ పని అయ్యాక తాయారమ్మ గారు ఆసుపత్రికి వెళ్లి కూర్చునేవారు. ఆఖరి వారంలో కూడా పైడమ్మ, "ఇక్కడ మంచం పక్కనే ఉందమ్మా దొడ్డి. నడిచే ఓపికే నేదు," అని నవ్విందట. ముప్పయ్యెనిమిదో ఏట పోయింది.

నెల తిరక్కుండా, పాత హాజరు పట్టీల కోసం డ్రాయింగు గదిలో వెతుకుతుండగా తాయారమ్మ గారికి కార్ఖానా ప్లాను దొరికింది. చెక్క అచ్చులు దాచే ప్యాటర్ను స్టోరు పక్కన చతురస్రం గీసి, "మహిళల మరుగుదొడ్డి – 1" అని రాసి ఉంది. కింద మేనేజరు గారి సంతకం. తనిఖీకి వచ్చేవారికి కాగితం మీద అది పద్నాలుగేళ్లుగా ఉంది. ఆ చోట నిజంగా ఉన్నది ఖాళీ నేల, రెండు విరిగిన పోత పెట్టెలు.

మన కార్ఖానా ఆనవాయితీ కొత్తవారికి తెలియకపోవచ్చు. విశ్వకర్మ పూజనాడు మేనేజరు గారు సకుటుంబంగా ప్రతి యంత్రం దగ్గరికీ వచ్చి ప్రసాదం తీసుకోవాలి. ఆ రోజు కొబ్బరికాయ కొట్టిన యంత్రాన్ని దీపావళిలోగా నడిచే స్థితిలో పెట్టాలి. పెట్టకపోతే పోత పోసేవారు పండుగ తరువాత కొలిమి వెలిగించరు. పాత మోల్డర్లు పెట్టిన కట్టు ఇది. దీన్ని ఏ మేనేజరూ మీరలేదు.

1971 సెప్టెంబరు 17న తాయారమ్మ గారు, మిగిలిన పదకొండుగురు ఆడవారు ఆ ఖాళీ నేలను ఊడ్చి, అలికి, ప్లానులోని కొలతల ప్రకారం నాలుగు వైపులా ముగ్గు గీసి, బంతిపూలు చల్లి, మధ్యలో కొబ్బరికాయ పెట్టుకుని నిలబడ్డారు. మేనేజరు గారు వచ్చి ఆగిపోయారు.

"ఇక్కడ యంత్రమేదీ?" అని హిందీలో అడిగారు.

"ఆడవాళ్ల మరుగుదొడ్డి సార్. ప్లానులో ఉంది, తమరి సంతకం కూడా ఉంది. మా కళ్లకే కనబడటం లేదు. దేవుడికి కనబడుతుందేమోనని పూజ చేస్తున్నాం."

మల్లేశ్వరరావు గారు వెనక నుంచి, "తాయారమ్మా, పండగపూట ఏమిటిది?" అని గొణిగారు. "పండగపూటే కదండీ అందరూ ఒకచోట ఉండేది," అన్నారావిడ, గొంతు తగ్గించకుండానే.

మేనేజరు గారి భార్య ముందుకు వచ్చారు. "మరి ఇన్నాళ్లూ వీళ్లు ఎక్కడికి వెళ్తున్నారు?" అని భర్తను అడిగారు. అందరిలో పెద్దదైన సూరమ్మ చెయ్యెత్తి వెనుక గోడ వైపు, గోడ మీదుగా కనిపించే తుప్పల వైపు చూపించింది. ఆ ఇల్లాలు చెప్పులు విడిచి, ముగ్గులోకి వచ్చి, కొబ్బరికాయ తీసుకుని తానే కొట్టారు.

మర్నాడే మోల్డర్ల పెద్ద అచ్చయ్య ఆఫీసుకు వచ్చి, "సాబ్, ఆ మిషను కూడా లెక్కలోకి వచ్చింది," అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు. దీపావళికి నాలుగు రోజుల ముందు పైకప్పు, తలుపు, కుళాయి అన్నీ అమరాయి. మొదట సూరమ్మను పంపారు. ఎంతకీ రాకపోయేసరికి బయట ఉన్నవారు కంగారుపడి తలుపు తట్టారు. "గడియేసుకుని కూకున్నాను. పదిహేనేళ్లకి దొరికింది, కాసేపు ఒగ్గీయండర్రా," అని లోపలి నుంచి వినిపించింది.

తరువాతి ఉద్యోగ ప్రస్థానం మీరందరూ ఎరిగినదే. 1981లో హెడ్ టైమ్ కీపరు అయ్యారు. ఆ కుర్చీలో మన కార్ఖానా చూసిన మొదటి మహిళ ఆవిడే. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ డిగ్రీ పట్టుకుని 1979లో చేరిన నాకు ఆవిడ నేర్పిన పాఠం ఒకటే. "కారణం గడి ఖాళీగా వదలకు, అబద్ధంతో నింపకు." ఈ ఏడు కొత్త షెడ్డు కట్టినప్పుడు కూడా, ప్లానులో చూపించిన ఆడవారి మరుగుదొడ్లు మూడింటినీ స్వయంగా తలుపులు తీసి చూశాకే పదవీ విరమణ కాగితాల మీద సంతకం చేశారు.

1998 జూలై 31న విరమిస్తున్న తాయారమ్మ గారికి పైడితల్లి అమ్మవారు చెక్కుచెదరని ఆరోగ్యాన్ని, నూరేళ్ల ఆయుష్షును, ఎవరికీ తల వంచని ఈ నవ్వును ప్రసాదించాలని మనందరి తరఫున కోరుకుంటున్నాను.

ఈ వ్యాసం రాస్తానని చెప్పినప్పుడు ఆవిడ ఒక షరతు పెట్టారు. "నా గురించి ఎంత రాసినా సరే, ఆఖరి మాట నా గురించి కాకూడదు." కాబట్టి ఆఖరి మాట ఇది. మన రికార్డుల్లో ఇంకొకావిడ ఫోటో లేదు, సర్వీసు పుస్తకం లేదు, ఎందుకంటే ఇసుక షెడ్డు ఆడవారికి అవి తెరవలేదు. ఊరు మెంటాడ దగ్గర పల్లె. టోకెను నంబరు 317. పన్నెండేళ్లు మన ఇసుక జల్లించింది. పేరు పైడమ్మ. చదివిన మీరు దయచేసి ఆమెను గుర్తుంచుకోండి.