సోడా డబ్బా గురించి చెప్పని సగం

నా పేరు ఉప్పలమ్మ. భర్త పేరు బీరప్ప. వయసు యాభై దాటింది, రెండో మూడో ఎక్కువ. కూలి పని చేస్తాను. కేతేపల్లిలో ఉంటాను. సోమవారం, 1988 మార్చి 14న, నా కోడలు హనుమమ్మ ఇచ్చిన నీళ్లు తాగి నా భర్త నోరు, గొంతు కాలాయని ఇదే స్టేషన్‌లో చెప్పాను. ఆ మాట మీద మీరు ఆమెను తెచ్చి ఇక్కడే కూర్చోబెట్టారు. నేను చెప్పింది నిజమే, కాని సగం. మిగతా సగం చెప్పడానికి ఇవాళ, గురువారం, నా అంతట నేనే వచ్చాను.

నా భర్తకు తిన్న వెంటనే ఛాతీలో మంట. కోడలు కాపురానికి వచ్చినప్పటి నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక చెంచాడు తినే సోడా నీళ్లలో కలిపి ఇచ్చేది. ఆయన గటగటా తాగి, పెద్ద తేన్పు తేన్చి, "పిల్ల చేతిల గుణమున్నదే" అనేవాడు. ముప్పై ఏళ్లు వండిపెట్టిన నా చేతిని ఒక్కనాడూ ఆ మాట అనలేదు. నాకు ఒళ్లు మండేది. రోజూ దానికోసం అంతగా ఎదురుచూస్తున్నాడంటే అందులో ఇంకేం కలుపుతోందో అని అనుమానం పట్టుకుంది. ఆమె కూడా రోజూ తెల్ల గోళీలు మింగేది. నాలుగో నెల కదా, ఎముకల బలానికి దవాఖానలో నర్సమ్మ ఇచ్చిన సున్నం గోళీలని చెప్పింది. సున్నం ఆకులో వేసుకుంటారు గాని గోళీలు చేసి మింగుతారా? అదీ నమ్మలేదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కోడలు బోరింగు నీళ్లకు పోయింది. నేను ఆ సోడా డబ్బా తీసి, అందులోది పెంటకుప్ప మీద పారబోశాను. అటక మీద నా డబ్బాలో ఉన్న తెల్ల పొడి పోశాను. మిర్చీ బజ్జీలకని ఎప్పుడో తెచ్చిన తినే సోడా అనుకున్నాను. ఊరికే పోయలేదు, నిమ్మకాయ పిండి చూశాను. బుసబుస పొంగింది. పొంగింది కాబట్టి సోడానే అనుకున్నాను. ఆయనకు మంట తగ్గాక, ఆ గుణం నా డబ్బాదని చెబుదామనుకున్నాను.

ఒంటిగంటకు కోడలు డబ్బాలో చెంచా పెట్టి ఆగింది.

"అత్తమ్మా, సోడ గరుకుగున్నదేంది?"

"నీళ్లల్ల కరిగినంక అన్నీ ఒక్కటే. జల్ది ఇయ్యి" అన్నాను.

ఈ మాట మొన్న చెప్పలేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన రెండు గుక్కలు తాగి గ్లాసు విసిరేశాడు. నేను కోడలి జుట్టు పట్టుకుని "మందు పెట్టింది" అని వాడంతా వినబడేలా అరిచాను. అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను.

నిన్న నల్లగొండ దవాఖానలో డాక్టరు, మీరు పంపిన డబ్బా చూసి, ఇది తినే సోడా కాదు, బట్టలుతికే సోడా అన్నాడు.

"నిమ్మకాయ పిండితే పొంగింది గద సారూ" అన్నాను.

"బట్టల సోడా గూడ పొంగుతదమ్మా. అయినా నువ్వెందుకు పిండినవ్?" అని అడిగాడు.

నేను లేచి మంచం దగ్గరికి పోయాను. నా భర్త ఇంకా మాట్లాడలేడు. కోడలు ఏదని చేత్తో అడిగాడు. రాత్రికి ఇంటికొచ్చి ఆమె గోళీలు వెతికి తీశాను.

ఆ డబ్బాలో పోసింది నేను. ఆమె ఆగి అడిగినా ఇమ్మన్నది నేను. ఆమెను ఇంటికి పంపండి, నన్ను కూర్చోబెట్టండి. ఆమె గోళీలు కొంగున కట్టి తెచ్చాను. ఇక్కడున్న మూడు రోజులుగా ఆమె మింగలేదు. మీకు అనుమానం వద్దు. పొద్దున నేనొకటి మింగి చూశాను, ఏమీ కాలేదు.

నేను చెప్పింది రాసి నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఈసారి ఏదీ దాచలేదు. సంతకం రాదు.

ఉప్పలమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
17-3-1988, ఉదయం 10.40